కోలాటమున మనోవ్యాపారము

కోలాటపు పాటలను సేకరించిన వారు కలరు, కోపుల పేర్లను పట్టికలుగా కూర్చిన వారును కలరు. ఆటగాని చేయి కదలుటకు పూర్వము వాని మనస్సు చేయు పని యెట్టిదో మేమిచట విచారింపదలచితిమి.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని చందుర్తి ప్రాంతమునందువలెనే తెలంగాణమంతటను పల్లెలలో నేటికిని సాగుచున్న ఈ ఆట మన లాక్షణికులకు క్రొత్తది కాదు. కోలలతో నాడు నృత్తమునకు సంస్కృతమున దండరాసకమని పేరు. కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయప సేనాని 1253-54లో నృత్తరత్నావళిని రచించి, అందలి యెనిమిది యధ్యాయములలో తుది నాలుగింటిని దేశినృత్తమునకే కేటాయించినాడు. ఏనుగుల దళమును నడపినవాడు జనుల యాటలను శాస్త్రమున కెక్కించుట గమనింపదగినది.

కోలాటమున జంటకు ఉద్ది యని పేరు. వెలి ఉద్దివారును లో ఉద్దివారును ఎదురుపడి కోలలు తాటింతురు. దరువు చెవిని బడిన పిమ్మట లేచిన చేయి ఆలస్యమైనట్లే. శబ్దము విని కదలుటకు మనుష్యునికి సుమారు సెకనులో ఆరవ వంతు పట్టును. కావున రెండు కోలలు ఒక్క క్షణమున కలిసినవనగా, రెండు మనస్సులు ఆ క్షణమును ముందే కొలిచినవని యర్థము. జర్మనీలో కోర్న్‌హూబర్, డీకె అనువారు 1965లో ప్రకటించిన పరిశోధనయు, మనుష్యుడు తన యిచ్ఛచే వ్రేలు కదల్చుటకు సుమారు సెకను ముందే మెదడున విద్యుత్తు మార్పు చెందునని తెలిపినది.

జడకోలాటమున నీ సంగతి మరింత స్పష్టము. పైనుండి వ్రేలాడు త్రాళ్ల కొసలను ఒక చేతను, కోలను వేరొక చేతను బట్టి, ఒకరి వెలుపలగా ఒకరు సాగుచు జడ నల్లుదురు. పిదప వచ్చిన త్రోవనే మరలి విప్పుదురు. అభ్యాసబలమున కాలుసేతులే ఆడుచున్నవని కొంద రందురు. మాకది పూర్తిగా సమ్మతము కాదు. అల్లునప్పటి యలవాటు విప్పునప్పుడు అడ్డు తగులునే కాని తోడ్పడదు. నడచిన త్రోవను వెనుకనుండి తలచుకొన్నవాడే తరువాతి యడుగునకు కాలిని సిద్ధము చేసికొనును. ఒక్కడు తప్పినను త్రాళ్లు చిక్కుపడును. తప్పెవరిదో చూచువారికెల్ల తెలియును. అభ్యాసము వ్యర్థమని మేమనుట లేదు. అది చేతికి గల పనిని తేలిక చేయగా, ఆ తీరికలో మనస్సు తరువాతి కోపునకు పోవును. నడుమ నిలిచిన గురువు ఈల వేయుటయు అందులకే.

1213 నాటి రామప్ప గుడి శిల్పములు కాకతీయుల కాలపు నృత్తమునకు సాక్ష్యములే. కాని శిల్పము అంగము చేరిన చోటును చూపును. చేరుటకు ముందున్న సన్నాహమును చూపజాలదు. ఆ సన్నాహము నేటి యాటగాండ్రయందు మాత్రమే దొరకును. కావున పల్లెలకు పోవు పరిశోధక విద్యార్థులు పాటతోబాటు, గురువు ఈల యే దెబ్బకు పడినదో, దాని తరువాత నెన్ని దెబ్బలకు కోపు మారినదో కూడ వ్రాసికొనవలెను.