మంచు దేశాల్లో శీతాకాలపు డ్రైవింగ్

మంచు కప్పిన, గడ్డకట్టిన రోడ్ల మీద వాహనం నడపడాన్ని శీతాకాలపు డ్రైవింగ్ అంటారు. అమెరికా ఉత్తర రాష్ట్రాలకు, కెనడాకు, జర్మనీకి, స్వీడన్‌కు చదువు కోసమో ఉద్యోగం కోసమో వెళ్లే తెలుగువాళ్లు దీన్ని పెద్దయ్యాక కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో, హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక వాడ లారీల మధ్య బండి నడిపి చేయి తిరిగినవారికి కూడా ఇది తెలియని విద్యే. అక్కడ చలికాలపు రాత్రి ఎంత చల్లబడినా రోడ్డు మీది నీరు గడ్డకట్టదు. అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగినా రోడ్లు మంచుతో మూసుకుపోవు. మనదేశంలో ఈ అనుభవం హిమాలయ కనుమల్లోనే దొరుకుతుంది. హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ సొరంగ నిర్మాణం చేపట్టిన జోజిలా అలాంటి కనుమే.

కొత్తగా లైసెన్సు తీసుకున్నవారి కంటే ఏళ్ల తరబడి మన రోడ్ల మీద నడిపినవారికే మంచులో ముప్పు ఎక్కువని చెప్పవచ్చు. ఎంత దూరంలో బ్రేకు వేస్తే బండి ఆగుతుందో వారి కాలికి పొడి రోడ్డు లెక్కనే అలవాటై ఉంటుంది.

ఆగే దూరం

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు, బ్రేకు పడ్డాక పొడి తారు రోడ్డు మీద సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. అదే కారుకు అణిగిపోయిన మంచు మీద దాదాపు 50 మీటర్లు, నున్నటి గడ్డ మీద 100 మీటర్ల వరకూ కావాలి. ప్రమాదాన్ని గుర్తించి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపు సాగే దూరం దీనికి అదనం. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. అందుకే ముందున్న బండికి కనీసం ఐదారు సెకన్ల ఎడం ఉంచాలి, గడ్డకట్టిన రోడ్డైతే ఇంకా ఎక్కువ. ముందు కారు ఒక స్తంభాన్ని దాటిన క్షణం నుంచి మనం దాన్ని చేరేదాకా లెక్కపెడితే ఆ ఎడం తెలుస్తుంది. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు మంచులో తేలిగ్గా కదులుతుంది, కానీ ఆగే విషయంలో దానికి ఏ ఆధిక్యమూ లేదు. ఈ తేడా తెలియక అలాంటి కారు కొన్న ధీమాతో వేగం పెంచేవారు చాలామంది.

రోడ్డు మీద తడిలా మాత్రమే కనిపించే పలుచని పారదర్శకమైన గడ్డను బ్లాక్ ఐస్ అంటారు. వంతెనల మీద ఇది ముందుగా ఏర్పడుతుంది. కిందినుంచీ గాలి తగలడం వల్ల, నేల వెచ్చదనం అందకపోవడం వల్ల వంతెన త్వరగా చల్లబడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర గడ్డ పైన సన్నటి నీటి పొర ఉంటుంది కాబట్టి, ఇంకా తీవ్రమైన చలిలో కంటే ఆ సమయంలోనే జారుడు ఎక్కువ. గడ్డ కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా సుమారు మైనస్ 9 డిగ్రీల కంటే దిగితే సరిగా పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ వంటివి వాడతారు. అమెరికా సమాఖ్య రహదారుల విభాగం లెక్కల ప్రకారం, మంచు, గడ్డ ఉన్న రోడ్ల మీది ప్రమాదాల్లో ఆ దేశంలో ఏటా 1,300 మందికి పైగా చనిపోతున్నారు.

బండి జారితే ముందు యాక్సిలరేటర్ నుంచి కాలు తీయాలి. ఎటు వెళ్లాలో అటే చూస్తూ స్టీరింగ్‌ను మెల్లగా అటే తిప్పాలి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) ఉన్న కారులో బ్రేకును గట్టిగా నొక్కి పట్టుకోవాలి, వదిలి వదిలి నొక్కకూడదు. అప్పుడు పెడల్ కాలికింద అదురుతుంది. అది లోపమని భయపడి కాలు తీసేయడం కొత్తవారిలో తరచూ కనిపిస్తుంది. స్వీడన్‌లో కారు లైసెన్సు కావాలంటే జారుడు ట్రాక్ మీద శిక్షణ తప్పనిసరి. అలాంటి నియమం లేని దేశాల్లో, అనుమతి ఉన్న ఖాళీ పార్కింగ్ స్థలంలో తక్కువ వేగంతో బ్రేకు వేసి చూసుకోవడం చాలా మేలు.

టైర్లు

మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే చల్లబడితే బిగుసుకుని పట్టు తగ్గుతుంది. వింటర్ టైర్ల రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకూ ఇవి తప్పనిసరి. జర్మనీలో తేదీలు లేవు, రోడ్డు మీద మంచు ఉంటే చాలు, ఆ టైర్లు ఉండాల్సిందే. ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి ఒక పీఎస్ఐ పడిపోతుంది, కనుక చలి ముదిరినప్పుడు గాలి చూసుకోవాలి.

బయలుదేరే ముందు అద్దాల మీదే కాక కారు పైకప్పు మీది మంచు కూడా దులపాలి. అది వెనక వచ్చే కారు మీద పడితే ప్రాణాపాయం. న్యూజెర్సీలో దులపకపోతే జరిమానా వేస్తారు.

చిక్కుకుపోతే

2022 డిసెంబర్ చివర న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరాన్ని ముంచెత్తిన మంచు తుపానులో కొందరు కార్లలోనే చిక్కుకుని మరణించారు. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవడమే సరైనది. దారిలో ఇరుక్కుంటే కారు వదిలి నడిచిపోకూడదు. గంటకు పది నిమిషాలు ఇంజన్ వేసి వెచ్చబరుచుకోవచ్చు. దానికి ముందు ప్రతిసారీ సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీయాలి, ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. గొట్టం మూసుకుపోతే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. చలికాలమంతా డిక్కీలో చిన్న పార, కంబళ్లు, తాగునీరు, టార్చి, చక్రాల కింద పోయడానికి ఇసుక, ఫోన్ చార్జర్ ఉంచుకోవాలి.