సముద్రమునకేగినవారి లెక్క



మన పూర్వులు తారకలగతిని, గాలిపోకడను, నీటిరంగును చూచి వేటకేగిరి. ఆ విద్య గొప్పదే. కాని తుపాను విద్యను మించినదని మన తీరచరిత్ర చాటుచున్నది.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన మచిలీపట్టణమును ముంచివేయగా సుమారు 30,000 మంది మడిసిరి. అంతకు నెలముందే కలకత్తా గాలివానకు ధ్వంసమయ్యెను. అందువలన 1865లో ఆ రేవునకు ప్రమాదసూచనలు తెలుపు పద్ధతి యారంభమయ్యెను. 1875లో భారత వాతావరణశాఖ వెలసెను. అయినను రేవుకంబముపై నెత్తు గురుతులు ఓడలవారికే గాని, ఏ రేవును లేని పల్లెనుండి తెప్పపై పోవు జాలరికి కనబడునవి కావు.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెనచే వేలకొలది ప్రాణములు పోయెను. పిదప తీరమున రక్షణభవనములు వెలసెను. జనులను ముందుగా తరలించుట యలవాటయ్యెను. ఇట్లు ఒడ్డుననున్నవానికి రక్షణ పెరిగినది. వేటలోనున్నవాని మాటయేమి? 1996 నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానులో మృతులు వేయిమందిని మించిరి. కడలినుండి మరలిరాని మనవారు వారిలో ననేకులు.

శవము దొరకని యింటి దుఃఖము వేరు. ఏడేండ్లు జాడ తెలియనివానిని మృతునిగా భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము విధించెను. 2023 నాటి క్రొత్త చట్టమును ఆ గడువునే నిలిపినది. తగిన సాక్ష్యమున్నచో ముందే మృతిని స్థాపింపవచ్చును. కాని ఏ పడవలో ఎవరెవరు, ఏనాడు, ఏ దిక్కున కేగిరో వ్రాసియుంచిన కాగితము లేనిచో ఆ యిల్లాలు సాక్ష్యమెట్లు చూపగలదు?

నేడు హైదరాబాదునందలి సముద్రసమాచార కేంద్రము అలల స్థితిని ముందుగా తెలుపుచున్నది. ఆపదను తెలుపు యంత్రములును, తేలుచొక్కాలును గలవు. ఇవి ప్రతిపడవకును సమకూరునట్లు మన సంఘము పాటుపడవలెను. అంతకంటె ముందు, ఖర్చులేని పని యొకటి గలదు. ప్రతిపల్లెయందును ఒక పుస్తకముంచి, వేటకేగువారి పేర్లను, పోయిన వేళను, మరలు దినమును వ్రాయవలెను. గడువుదాటినచో వెదకుటకది యాధారము. వెదకియు దొరకనిచో బిడ్డలకది సాక్ష్యము.

పల్లెకొక చదువరియైన యువకుడు ఈ సభనుండియే యా భారము వహించుగాక యని ప్రార్థించుచున్నాను.