ఖైదీ విన్నపానికి తొలి పాఠకుడెవరు? - అమెరికా హెబియస్ కార్పస్ విధివిధానాల చరిత్ర

అర్జీ, మహజరు, విన్నపం వంటి లిఖిత రూపాలు సాహిత్య చరిత్రలో అంతగా చర్చకు రావు. వాటి జయాపజయాలు శైలి కన్నా, ఆ రచన ఎవరి చేతికి, ఎప్పుడు చేరిందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడతాయి. తన నిర్బంధం చట్టవిరుద్ధమని ఖైదీ స్వయంగా రాసుకొనే హెబియస్ కార్పస్ పిటిషన్ ఇందుకు ప్రబలమైన ఉదాహరణ. అమెరికాలో శిక్ష ఖరారైన తరువాత వేసే ఈ పిటిషన్‌కు న్యాయవాదిని సమకూర్చవలసిన రాజ్యాంగ బాధ్యత ప్రభుత్వానికి లేదు. అక్కడి నియమాలు రూపం విషయంలో సడలుతూ వచ్చి, కాలం విషయంలో బిగుసుకున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మొదటి ప్రశ్న పాఠకునిది. మిషిగన్ కారాగారంలో ఖైదీల పిటిషన్లను ముందుగా అధికారులు పరిశీలించి, సక్రమంగా ఉన్నవాటినే కోర్టుకు పంపే నిబంధన ఉండేది. 1941లో హల్ అనే ఖైదీ వ్యవహారంలో సుప్రీంకోర్టు దానిని చెల్లదన్నది. పిటిషన్ సక్రమంగా ఉన్నదా లేదా అన్నది తేల్చవలసినది న్యాయస్థానమే. అయితే హల్ పిటిషన్‌ను కోర్టు తిరస్కరించింది. అతనికి విడుదల లభించలేదు. అతని తరువాతి ఖైదీలకు మాత్రం జైలరు కాని పాఠకుడు లభించాడు.

రెండవ ప్రశ్న రచయితది. చదువురాని ఖైదీకి తోటి ఖైదీయే లేఖకుడు. అటువంటి సహాయాన్ని నిషేధించిన టెనెసీ నిబంధనను ఉల్లంఘించినందుకు జాన్సన్ అనే ఖైదీ శిక్ష అనుభవించాడు. ప్రభుత్వం తగిన ప్రత్యామ్నాయం చూపనంతవరకు ఆ నిషేధం చెల్లదని 1969లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనంతర కాలపు నియమావళి పిటిషన్‌కు ఒక నమూనా పత్రాన్ని ఏర్పరచింది. ఆధారాలన్నిటినీ, ఒక్కొక్కదానికి సంబంధించిన వాస్తవాలనూ, కోరే ఉపశమనాన్నీ అందులో పేర్కొనాలి. చేతిరాత స్పష్టంగా ఉంటే చాలు. అసత్యమైతే శిక్షార్హుడనని అంగీకరిస్తూ సంతకం చేయాలి.

మూడవ ప్రశ్న కాలానిది. హూస్టన్ అనే ఖైదీ అప్పీలుకు 30 రోజుల గడువుండగా 27వ రోజున తన నోటీసును జైలు అధికారులకు అందజేశాడు. కోర్టు గుమస్తా దానిపై ముద్ర వేసినది 31వ రోజున. కాగితం చేయిదాటిన తరువాత దానిపై ఖైదీకి అదుపు ఉండదని గుర్తించి, అధికారులకు అందజేసిన రోజునే దాఖలైనట్లుగా భావించాలని 1988లో సుప్రీంకోర్టు నిర్ణయించింది.

ఈ ఉదార ధోరణికి 1996 చట్టం ఎదురునిలిచింది. సాధారణంగా శిక్ష అంతిమమైన నాటినుండి ఒక ఏడాదిలోగా ఫెడరల్ కోర్టులో పిటిషన్ వేయాలని అది శాసించింది. అంతకుముందే రాష్ట్ర న్యాయస్థానాల్లో తన వాదనలన్నీ వినిపించి ఉండాలి. రాష్ట్రంలో సక్రమంగా వేసిన దరఖాస్తు నడుస్తున్నంతకాలం గడువు ఆగుతుంది. ఫెడరల్ పిటిషన్ పెండింగులో ఉన్న కాలానికి మాత్రం ఆ మినహాయింపు లేదని 2001లో తేలింది. కనుక తొందరపడి ముందే ఫెడరల్ కోర్టుకు వెళ్ళిన ఖైదీ పిటిషన్‌ను కొట్టివేస్తే, అతడు రాష్ట్రానికి పోయి తిరిగి వచ్చేసరికి గడువు ముగిసిపోవచ్చు. పరిమిత సందర్భాల్లో పిటిషన్‌ను నిలిపి ఉంచే వెసులుబాటును సుప్రీంకోర్టు 2005లో ఆమోదించింది.

1941లో జైలు అధికారి కాపలా ఉన్న ద్వారం దగ్గర నేడు కాలసూచిక కాపలా ఉన్నది. అక్షరదోషాన్ని మన్నించే న్యాయస్థానం దినదోషాన్ని సులభంగా మన్నించదు. విన్నపాన్ని సాహిత్య పాఠంగా పరిశీలించేవారు దాని మాటలతోపాటు దానిపై పడిన తేదీ ముద్రనూ చదవవలసి ఉంటుంది.