ఇంగ్లీషులో చూపు మాటలు: పుట్టుక, రూపాలు, అర్థాలు

ఇంగ్లీషులో చూపును చెప్పే మాటలు మూడు పొరలుగా పేరుకున్నాయి. అడుగున ఉన్నవి 5వ శతాబ్దం నుంచి బ్రిటన్‌కు వలస వచ్చిన జర్మానిక్ తెగలవి. వాటిమీద 1066 నాటి నార్మన్ల గెలుపు తర్వాత ఫ్రెంచి ద్వారా, ఆపై పండితుల ద్వారా లాటిన్ మాటలు చేరాయి. గ్రీకు మాటలు ఎక్కువగా శాస్త్రజ్ఞుల చేతిమీదుగా వచ్చాయి. లెక్కకు చిన్నదే అయినా రోజువారీ చాకిరీ అంతా మొదటి పొరదే.

మొదటి పొరలోని ‘సీ’ భూతకాలంలో ‘సా’ అవుతుంది. చివర ప్రత్యయం చేర్చకుండా అచ్చు మార్చి కాలం చెప్పడం జర్మానిక్ భాషల పాత పద్ధతి. దాని నామవాచకం ‘సైట్’. ఇందులో ఇప్పుడు పలకని జి, హెచ్ అక్షరాలు ఒకప్పుడు గొంతులో గరగరమనే ధ్వనికి గుర్తు. నోట పోయిన ఆ ధ్వని రాతలో మిగిలింది. స్థలానికి వాడే ‘సైట్’తో ఇది ఉచ్చారణలో కలిసిపోయింది ఆ తర్వాతే.

‘లుక్’ అంటే కావాలని చూపు సారించడం. ‘వాచ్’ మెలకువగా ఉండటమనే అర్థంలో మొదలై కాపలాకు, అక్కడినుంచి గమనించి చూడటానికి వచ్చింది. నిద్ర లేవడాన్ని చెప్పే ‘వేక్’ దీనికి తోబుట్టువు. మనకు ‘చూడు’ ఒక్కటే సీ, లుక్, వాచ్ మూడింటికీ చాలు. తెలుగు పిల్లలు వీటి దగ్గర తడబడటానికి కారణం అదే.

కన్నుకు పేరైన ‘ఐ’ ఊహించని చోట్ల దాక్కుంది. డెయిజీ పువ్వు పాత ఇంగ్లీషులో ‘పగటి కన్ను’. పొద్దున రేకులు విప్పి సాయంత్రానికి ముడుస్తుంది మరి. ‘విండో’ వైకింగుల భాషలో ‘గాలి కన్ను’. మన గవాక్షంలోనూ కన్నే ఉంది, కాకపోతే అది ఆవుది.

లాటిన్‌లో చూడటాన్ని చెప్పే ‘విదేరే’ నుంచి విజన్, ఎవిడెన్స్, ఇంటర్వ్యూ, వీసా పుట్టాయి. అసూయను చెప్పే ‘ఎన్వీ’ కూడా అక్కడిదే, దాని మూలార్థం చెడు చూపు. తేరిపార చూడటాన్ని చెప్పే ‘స్పెకెరే’ మనకు ఇన్‌స్పెక్టర్‌ను ఇచ్చింది. తిరిగి చూడటం ‘రెస్పెక్ట్’ అయింది, కిందినుంచి చూడటం ‘సస్పెక్ట్’ అయింది. ఈ లాటిన్ మాటలకు సంస్కృతంలోనూ చుట్టాలున్నాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రతిపాదించాడు. తర్వాతి పండితులు ‘విదేరే’ను మన వేదం, విద్యలతోనూ, ‘స్పెకెరే’ను ‘పశ్యతి’తోనూ జతకలిపారు. అర్థమైందనడానికి ఇంగ్లీషువాళ్లు ‘ఐ సీ’ అంటారు. చూపు తెలివిగా మారడం ఈ భాషల కుటుంబంలో అంత పాతది.

గ్రీకు పొరలో పరికరాలదే హవా. గెలీలియో దూరదర్శినికి 1611లో రోములో ‘టెలిస్కోప్’ పేరు పెట్టారు. 1900లో పారిస్ ప్రదర్శనలో రష్యన్ ఇంజినీరు కాన్‌స్టాంటిన్ పెర్స్కీ వాడిన ‘టెలివిజన్’ తల గ్రీకుది, మొండెం లాటిన్‌ది. శవపరీక్షకు వాడే ‘అటాప్సీ’ అసలు అర్థం స్వయంగా కళ్లారా చూడటం.

అన్నింటిలోకీ చిక్కు మాట ‘ఓవర్‌సైట్’. పైనుండి పర్యవేక్షించడమూ అదే, చూపు జారి చేసిన పొరపాటూ అదే. అమెరికా ప్రతినిధుల సభలోని ఒక కమిటీ పేరులో ఉన్నది మొదటి అర్థం. అనువాదకులు ముందువెనుక వాక్యాలు చదవకుండా ఈ మాటను తెలుగు చేయకూడదు.