కార్యాలయ ఛాయాచిత్రాల దిద్దుబాటు: ప్రాథమికాంశాలు

ప్రభుత్వ కార్యాలయాల నుంచి పత్రికలకు విడుదలయ్యే ఛాయాచిత్రాల దిద్దుబాటులో తొలి పాఠం మూలచిత్రాన్ని భద్రపరచడం. కెమెరా నుంచి వచ్చిన ఫైలును విడిగా ఉంచి, దాని నకలుపైనే పనిచేయాలి. జేపెగ్ చిత్రానికి మార్పులు చేసి తిరిగి అదే రూపంలో సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత తగ్గుతుంది. ఆ నష్టం తిరిగి పూడదు.

ఈ పనికి 1990లో వెలువడిన ఫోటోషాప్ మాత్రమే గాక, ఉచితంగా లభించే గింప్ కూడా సరిపోతుంది. ముఖ్యంగా నేర్చుకోవలసినవి మూడు: అనవసర భాగాన్ని కత్తిరించడం, పరిమాణం మార్చడం, వెలుగునీడలను సవరించడం. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తున నాణ్యమైన ముద్రణకు, అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, 1800 పిక్సెళ్ల వెడల్పు, 1200 పిక్సెళ్ల ఎత్తు గల చిత్రం కావాలి. చిన్న చిత్రాన్ని పెద్దది చేసినంత మాత్రాన స్పష్టత రాదు.

చిత్రంలో లబ్ధిదారుల గుర్తింపు కార్డుల సంఖ్యలు కనిపిస్తే, వాటిని మసకబరచడం చాలదు. ఆ చోటును నల్లరంగుతో పూర్తిగా కప్పి, పొరలన్నిటినీ ఒకటిగా కలిపిన తరువాతే విడుదల చేయాలి.

వెలుగు పెంచడం దిద్దుబాటు. సభకు రాని వ్యక్తిని చిత్రంలో చేర్చడం, వచ్చిన వారిని తొలగించడం మాత్రం రికార్డును తారుమారు చేయడమే. అటువంటి సందేహం తలెత్తినపుడు సాక్ష్యంగా నిలిచేది భద్రపరచిన మూలచిత్రమే.