ఆదివారంలో ‘ఆది’ ఎవరు?

పోయినేడు నేను రాసిన ఒక చిన్న ప్రోగ్రాం ఆదివారం నాటి అమ్మకాలన్నిటినీ తీసుకెళ్లి వేరే వారం లెక్కలో కలిపేసింది. తప్పు నాదే. జావాస్క్రిప్ట్ వారాన్ని ఆదివారంతో మొదలుపెట్టి దానికి సున్నా ఇస్తుంది. ఐఎస్ఓ ప్రమాణంలో సోమవారం ఒకటి, ఆదివారం ఏడు. క్రాన్ అని ఇంకోటుంది, దానికి చాలాచోట్ల సున్నా అన్నా ఆదివారమే, ఏడు అన్నా ఆదివారమే. ఎవరినీ నొప్పించకుండా పెళ్లిలో రెండు వైపులా కూర్చునే పెద్దమనిషి లాంటిది.

ఆ రాత్రి రాజోలు దగ్గర మా ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి ఈ గొడవంతా చెప్పాను. "దానికింత ఆలోచనెందుకురా? ఆదివారమే మొదలు. ఆది అంటేనే మొదలు కదా" అంది. నేనూ చిన్నప్పటి నుంచి అలాగే అనుకున్నాను. మనలో చాలామంది అలాగే అనుకుంటారు.

కానీ ఆ ‘ఆది’ మొదలు కాదు. ఆదిత్యుడు. ఆదిత్యవారం నోళ్లలో నలిగి ఆదివారం అయింది. బృహస్పతివారం నలిగి బేస్తవారం అయినట్టే. అనుమానం ఉన్నవాళ్లు పక్క భాషలు చూడొచ్చు. హిందీలో ఇత్వార్, మరాఠీలో ఐత్వార్. వాళ్ల మాటలో ‘త’ మిగిలింది, మన మాటలో ఎగిరిపోయింది, అంతే తేడా. ‘ఆది’ అంటే మొదలే అయితే వాళ్లకి ఆ ‘త’ ఎక్కడి నుంచి వస్తుంది? తమిళులకైతే ఈ తికమకే లేదు. వాళ్ల ఞాయిఱు అంటే సూర్యుడే.

‘వారం’ కథ ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో ఈ మాటకి వంతు అనే అర్థం ఉంది. ఆదిత్యవారం అంటే సూర్యుడి వంతు. మనం మాత్రం ఆ మాటతో రోజునీ పిలుస్తాం, ఏడు రోజుల కట్టనీ పిలుస్తాం. "ఇవాళ ఏ వారం?" అంటే ఒకటి, "వారం పట్టుద్ది" అంటే ఇంకొకటి. వంతు అనే పాత అర్థం కోనసీమలో ఒక చోట చాలాకాలం బతికింది. వారాలు చేసుకుని చదువుకోవడం. పేద కుర్రాడు సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో భోజనం చేస్తూ చదువు కానిచ్చేవాడు. ఏడిళ్లు దొరికితే చదువు సాగినట్టే. ఆరే దొరికితే ఏడో రోజు ఏం చేసేవాడో మా తాతయ్యని అడిగితే, "గోదావరి నీళ్లున్నాయిగా" అనేవాడు. ఆయనా అలా చదువుకున్నవాడే.

సరే, ఆదిత్యుడి తర్వాత చంద్రుడు, ఆ తర్వాత కుజుడు ఎందుకు రావాలి? ఆకాశంలో ఆ వరస లేదు. పాతకాలపు జ్యోతిష్కులు గ్రహాలని నెమ్మదిగా కదిలేదాని నుంచి వేగంగా కదిలేదాని దాకా పేర్చారు. శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజులో ఒక్కో గంటనీ ఈ వరసలో ఒక్కొక్కరికి అప్పగించారు. మొదటి గంట ఎవరిదైతే ఆ రోజంతా వాళ్ల పేరే. రోజుకి 24 గంటలు. ఇరవైనాలుగుని ఏడుతో భాగిస్తే శేషం మూడు. అందుకని ప్రతి రోజూ వరసలో మూడు గళ్లు ముందుకి దూకుతుంది. రవి నుంచి దూకితే చంద్రుడు, చంద్రుడి నుంచి కుజుడు. మాడ్యులో లెక్క. కాలేజీలో మొదటి సెమిస్టర్‌లో నేర్చుకున్నాను గానీ, ఇంట్లో గోడకి వేలాడే పంచాంగంలో అదే లెక్క ఉందని అప్పుడెవరూ చెప్పలేదు. 499 నాటి ఆర్యభటీయంలో కాలక్రియాపాదం ఈ వరసనే చెబుతుంది.

ఆ గంటని మనవాళ్లు ‘హోర’ అన్నారు. గ్రీకు మాట. ఇంగ్లీషు అవర్‌కీ మూలం అదే. వరాహమిహిరుడు మాత్రం ‘అహోరాత్ర’లో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోరా వస్తుందన్న వ్యుత్పత్తిని నమోదు చేశాడు. ఆది అంటే మొదలన్న మా అమ్మకి మంచి తోడే దొరికింది.

అంటే ఏడు వారాల లెక్క వేదకాలం నాటిది కాదు. వేదాంగ జ్యోతిషంలో వారాల ఊసు లేదు. బాబిలోను, గ్రీకు, ఈజిప్టు జ్ఞానాలు కలిసి తయారైన సరుకు ఇది. పడమటికి వెళ్లి రోములో సూర్యుడి రోజైంది, తూర్పుకి వచ్చి మన ఆదిత్యవారమైంది. రెండు చోట్లా వరస మాత్రం చెక్కుచెదరలేదు. మన దేశంలో వారం పేరుతో తేదీ వేసిన శాసనాల్లో అన్నిటికన్నా పాతదిగా చెప్పేది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో బుధగుప్తుడి కాలం నాటిది. 484వ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ద్వాదశి, గురువారం.

పంచాంగంలోని అయిదు అంగాల్లో వారం తీరే వేరు. తిథి కావాలంటే చంద్రుణ్ణి చూడొచ్చు. నక్షత్రమూ అంతే. ఇవాళ ఏ వారమో మాత్రం ఆకాశం చెప్పదు. నిన్న ఏ వారమో తెలిసిన మనిషే చెప్పాలి. ఎక్కడా లెక్క తప్పకుండా ఒకరి నుంచి ఒకరికి అందాలి.

అలా అందిందా అన్నది మా దగ్గర దొరికిన రాగిరేకులతోనే పరీక్షించొచ్చు. గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురం దగ్గర కోరుమిల్లి ఉంది. అక్కడ దొరికిన రాజరాజ నరేంద్రుడి శాసనంలో ఆయన పట్టాభిషేకం తేదీ ఉంది. శక సంవత్సరం 944, భాద్రపద బహుళ విదియ, గురువారం. చరిత్రకారులు దాన్ని 1022 ఆగస్టు 16గా లెక్కగట్టారు. నేను ఉత్సాహంగా పైథాన్‌లో ఆ తేదీ కొట్టాను. శుక్రవారం అని వచ్చింది!

నన్నయని ఆదరించిన రాజు శాసనంలో తప్పు పట్టేశానని ఒక పూటంతా గాలిలో నడిచాను. తర్వాత బుద్ధొచ్చింది. పైథాన్ వెనకటి కాలానికి కూడా గ్రెగోరియన్ క్యాలెండరే పరుస్తుంది. చరిత్రకారులు ఇచ్చేది జూలియన్ తేదీ. పదకొండో శతాబ్దంలో ఆ రెంటికీ తేడా ఆరు రోజులు. సరిచేసి చూస్తే చక్కగా గురువారం. 1582లో పోపు క్యాలెండర్ దిద్దినప్పుడు అక్టోబరు 4 తర్వాత ఏకంగా 15 వచ్చింది, పది రోజులు మాయమయ్యాయి. అయినా గురువారం తర్వాత శుక్రవారమే వచ్చింది. తేదీల్ని కదిపారు గానీ వారాన్ని ముట్టుకోలేదు. కోరుమిల్లి రేకు మీద చెక్కిన గురువారం నుంచి నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఆదివారం దాకా, ఏడేడు చొప్పున, ఒక్క రోజు కూడా జారలేదు.

ఇంతవరకూ లెక్క. సెలవు సంగతికొస్తే నాకు ఇంత హాయిగా ఉండదు.

మన పాత సెలవులు వారాన్ని బట్టి కాదు, తిథిని బట్టి. వేదపాఠానికి పాడ్యమి, అష్టమి లాంటివి అనధ్యయనాలు. అమావాస్య నాడు నాగలి కట్టేవారు కాదు. ఆదివారం ఉసిరికాయ తినకూడదు, తలంటుకోకూడదు అన్న నిషేధాలున్నాయి గానీ పని మానాలని ఎవరూ అనలేదు. ఆ ఆలోచన పడమటిది. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ సూర్యుడి రోజున పట్టణాల్లో జనం, న్యాయాధికారులు, చేతిపనివాళ్లు పని ఆపాలని శాసించాడు. అందులోనే ఒక మినహాయింపు ఉంది. పల్లెల్లో సేద్యం చేసేవాళ్లు మాత్రం చేసుకోవచ్చు. అదును దాటిపోకూడదు కదా!

మన దగ్గరా అంతే. 1891 ఫ్యాక్టరీల చట్టం మిల్లు కార్మికులకి వారానికో సెలవిచ్చింది. 1948 చట్టం వారంలో మొదటి రోజున ఫ్యాక్టరీలో పని చేయించకూడదంది, వారం శనివారం అర్ధరాత్రి నుంచి మొదలవుతుందని కూడా రాసుకుంది (అంటే చట్టం మా అమ్మ పక్షం). ఏ ఫ్యాక్టరీల చట్టమూ వరిచేలోకి దిగలేదు.

మా తాతయ్య ఇంట్లో ఏడాది జీతానికి ఒక పాలేరు ఉండేవాడు. ఆయన అడిగిన సెలవు ఒక్కటే, ఆదివారం పొద్దున్న ప్రార్థనకి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు వసిష్ఠకి అవతల నరసాపురం, పాలకొల్లుల్లో పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అలా వచ్చింది. ఆ తర్వాత తరాల్లో మా వైపు దళితపేటల్లో ప్రార్థన మందిరాలు లేచాయి. తమాషా ఏంటంటే, తెలుగు బైబిలు అనువదించినవాళ్లు, మూలంలో వారపు మొదటి రోజు అని ఉన్నచోట ఆదివారం అనే పెట్టారు. మాటలో సూర్యుడున్నా వాళ్లకి అడ్డనిపించలేదు. ఇంగ్లీషు పాత అనువాదం అంత ధైర్యం చెయ్యలేదు.

తాతయ్య ఒప్పుకున్నాడు గానీ, గొడ్లకి గడ్డి కోసి పడేశాకే వెళ్లాలి. మామ్మ అదీ భరించలేకపోయేది. "ఆదివారం వస్తే చాలు, ఈయనో దొరైపోతాడు" అనేది. అదే మామ్మ మాఘమాసంలో నాలుగు ఆదివారాలూ తలకి పోసుకుని, ఎండపొడలో పిడకల మీద పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి పెట్టేది. ఆ పూట ఆవిడ ఇంకో పని ముట్టుకునేది కాదు. పిడకలు చేసేది పాలేరు భార్య. ఆదివారం తను రాదు కాబట్టి ముందురోజే తెచ్చి అరుగు మీద పేర్చి వెళ్లేది. చాలా ఏళ్లు నేను అక్కడే కూర్చుని పరమాన్నం తిన్నాను, నాకేమీ తోచలేదు.

వాళ్లమ్మాయి ఇప్పుడు కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఇంటికొచ్చింది. నేను ఈ వ్యాసం కోసం రాసుకున్నవన్నీ ఊడబొడిచినట్టు చెబుతుంటే నవ్వింది. "అక్కడ సెలవు శుక్రవారం అండీ. మా సంఘం అంతా శుక్రవారమే కూడుకుంటాం. ఆదివారం ఆరాధన అనే అంటాం, అలవాటైపోయి."

"మరి ఆదివారం?" అన్నాను.

"ఆదివారం డ్యూటీ అండీ."