శిష్యుడు పడితేనే వస్తాదు

వస్తాదు అనే మాట ఈ మధ్య ఎక్కడన్నా విన్నారా? నేను విని చాలా కాలమయింది. మా చిన్నప్పుడు రాజమండ్రిలో ఎవరైనా కాస్త ఛాతీ విరుచుకుని నడిస్తే చాలు, "ఏం వస్తాదూ, ఎక్కడికి బయల్దేరావు?" అని అరుగుల మీంచి పలకరించేవారు. ఉర్దూలో ఉస్తాద్ అంటే గురువు. సితారు నేర్పేవాడూ ఉస్తాదే, కుట్టుపని నేర్పేవాడూ ఉస్తాదే. మన నోట్లో పడేసరికి వాడు కండలు తిరిగిన వస్తాదైపోయాడు. తాలింఖానా కూడా అలా వచ్చినదే. తాలీం అంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. కర్రసాము, కత్తిసాము నేర్పే చోటన్నమాట.

ఇప్పుడు వస్తాదులు వీధుల్లో కనబడటం లేదు గానీ, ఫోనుల్లో బోలెడుమంది వున్నారు. మా మరిది కుర్రతనంలో కరాటే నేర్చుకున్నవాడు. పండక్కి వచ్చాడంటే తన ఈడు స్నేహితుల్ని నలుగుర్ని కూడేసుకుని ఆ వీడియోలు చూడటం, పొట్టలు పట్టుకుని నవ్వటం. ఏమిటా విడ్డూరమని నేనూ తొంగి చూశాను. గడ్డం పెంచుకున్న గురువుగారొకాయన గాలిలో చెయ్యి ఊపుతున్నారు. ఆమడ దూరంలో వున్న అయిదుగురు శిష్యులు పెనుగాలికి అరటిచెట్లు పడ్డట్టు వరసగా పడిపోతున్నారు. "ఇందులో నవ్వేదేముందయ్యా, ఆయన శక్తి అలాంటిదేమో" అన్నాను. "వదినా, ఆ మూడోవాణ్ణి చూడండి. గురువుగారి చెయ్యి లేవకముందే పడిపోయాడు!" అన్నాడు. చూద్దును కదా, నిజమే. పాపం, కంగారులో ఒక క్షణం ముందే పడ్డాడు.

నవ్వు వచ్చిన మాట నిజమే. కానీ నలుగురి ముందూ బలం చూపించడం మనకి కొత్తా? మన గోదావరి జిల్లాల్లోనే చూడండి.

అమలాపురం దసరా చూసినవారికి చెడీ తాలింఖానా సంగతి వేరే చెప్పక్కర్లేదు. హిందీలో ఛడీ అంటే బెత్తం, కర్ర. దసరా ఊరేగింపులో కొంకాపల్లి అనీ, మహిపాల వీధి అనీ ఒక్కో వీధివారు ఒక్కో వాహనం తీస్తారు. వాటి ముందు ఆ వీధి వాళ్ళే, పాలు తాగే వయసు మొన్ననే దాటిన బుడతడి దగ్గర్నుంచి తల నెరిసిన తాతగారి దాకా, కర్రలు తిప్పుతారు, కత్తులు ఝళిపిస్తారు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో కుర్రకారుకి ఆయుధవిద్య అబ్బాలని అబ్బిరెడ్డి రామదాసు అనే ఆయన దీన్ని మొదలుపెట్టారని అక్కడివారు చెప్పుకుంటారు. పేరుకి పండగ, లోపల తాలీం. దొరగారికి అనుమానం వచ్చినా అమ్మవారి ఉత్సవాన్ని ఆపడం అంత తేలికా?

అందులో ఒళ్ళు జలదరించే ఘట్టం ఒకటుంది. కళ్ళకి గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయల్ని కత్తితో నరుకుతారు. కాయ తెగుతుంది, మనిషికి గీత కూడా పడదు. ఇక్కడ ఎవరూ నవ్వరు. ఎందుకు నవ్వరంటారా? దోసకాయ తెగిందంటే దోసకాయ తెగిందనే అర్థం. నేను గాలిలో చెయ్యి ఊపి పదిమందిని పడగొడతానని అక్కడెవరూ కోతలు కోయడం లేదు. పైగా చూసేవాళ్ళంతా ఇరుగుపొరుగువాళ్ళు. ఆ కత్తి బరువెంతో, వాడు ఎన్నాళ్ళు సాధన చేశాడో వాళ్ళకి తెలుసు. తెలిసినవాళ్ళ ముందు బుకాయింపు చెల్లదు.

బలప్రదర్శన అంటే కోడి రామమూర్తిగారిని తలుచుకోకుండా ఎలా? ఆయన మన గోదావరి వాడు కాదు లెండి, వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన మనిషి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది డ్రిల్లు మాష్టారుగా పనిచేసి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. ఊపిరి బిగబట్టి ఛాతీకి చుట్టిన ఇనపగొలుసు తెంచటం, చెరోపక్కకీ పోబోయే రెండు కార్లని గొలుసులతో కదలకుండా పట్టుకోవటం, గుండెల మీద ఏనుగునెక్కించుకోవటం, ఇవీ ఆయన విద్యలు. లండన్లో అయిదో జార్జి చక్రవర్తి ముందు కూడా ప్రదర్శించారు. 1942లో పోయారు. వైస్రాయి మింటో ప్రభువు విశాఖపట్నం వచ్చినప్పుడు, తన కారునే ఆపి చూపించమన్నాడనీ, ఆయన కదలనివ్వలేదనీ ఒక కథ వుంది. ఆ కథలో నాకు నచ్చేది బలం కాదు. కారు ఎవరిదో చూశారా? ప్రభువుగారిది. డ్రైవరూ ఆయన మనిషే. రామమూర్తిగారి మీద గౌరవంకొద్దీ బ్రేకు మీద కాలు పెట్టే శిష్యుడు కాడు.

కరాటే మన ఊళ్ళకి వచ్చింది సినిమా హాళ్ళ గుండా. 1973లో బ్రూస్ లీ నటించిన "ఎంటర్ ది డ్రాగన్" వచ్చింది, దాని విడుదలకి ముందే పాపం ఆయన పోయాడు. ఆ తర్వాత మన సినిమాల్లోకి సుమన్, భానుచందర్ లాంటి కరాటే తెలిసిన హీరోలు వచ్చారు. ఇంక చెప్పాలా! తెల్లచొక్కా, నడుముకి గుడ్డ పట్టీ, మేడ మీద "హూ, హా" అంటూ కేకలు. స్కూలు వార్షికోత్సవం అంటే గొబ్బి పాట ఒకటి, పెంకులు పగలగొట్టటం ఒకటి వుండి తీరాల్సిందే. ఒకసారి మా వీధి చివర స్కూల్లో ఒకబ్బాయి మంగుళూరు పెంకుల్ని మూడుసార్లు కొట్టినా పగల్లేదు. నాలుగోసారి మాష్టారు వచ్చి, దండం పెట్టుకునే నెపంతో పై పెంకుని మోకాలి మీద చిన్నగా బీట తీసి పెట్టారు. ముందు వరసలో కూచున్న మాకు ఆ "చిటుక్" వినబడింది. అయినా చప్పట్లు కొట్టాం. పిల్లవాడి చెయ్యి అప్పటికే కందిపోయింది మరి.

వీటిలో కొంత లెక్కల విద్య కూడా వుంది. పెంకుల మధ్య సందు వదిలి పేరిస్తే ఒకదాని తర్వాత ఒకటి విరుగుతాయి, కలిపి పేరిస్తే బండరాయే. చెక్కని పోగు వెంట కొడితే చీలుతుంది, అడ్డంగా కొడితే ఎముక విరుగుతుంది. మేకుల మంచం మీద వందలాది మేకులుంటే బరువు అన్నిటికీ పంచుకుపోతుంది. అదే ఒక్క మేకు మీద కూచోమనండి చూద్దాం! ఏనుగుని మోయటంలోనూ అడ్డంగా వేసే పలకది పెద్ద పాత్రే. అంతమాత్రాన ఇది ఎవరైనా చెయ్యొచ్చని మాత్రం అనుకోకండి. ఆ పలక కింద ఛాతీ వుంది కదా.

ఇక అసలు నవ్వుల పుట్ట. 1953 క్రిస్మస్ రాత్రి హాంకాంగ్‌లో షెక్ కిప్ మెయ్ అనే గుడిసెల పేట తగలబడి యాభై వేలమందికి పైగా నిరాశ్రయులయ్యారు. వాళ్ళ సహాయార్థం 1954 జనవరి 17న మకావులో ఇద్దరు చైనా గురువులు గోదాలోకి దిగారు. ఒకరు తాయ్‌చీ గురువు వూ గోంగ్‌యీ, యాభై దాటిన మనిషి. రెండోవారు తెల్లకొంగ పద్ధతి గురువు చాన్ హాక్‌ఫూ, వయసులో చాలా చిన్నవారు. జనం ఎగబడ్డారు. గాలిలో తేలతారేమో, కొంగలా ఎగురుతారేమో అని చూస్తే, ఇద్దరూ మన సందుల్లో కుర్రాళ్ళలాగే చేతులు విసురుకున్నారు. ముక్కు నెత్తురు కారింది. రెండో విడతలోనే ఆపేసి, గెలుపూ లేదు, ఓటమీ లేదు, సమానమూ కాదని తీర్పు చెప్పారు. అంత నేర్పైన తీర్పు మన ఊరి పెద్దలు కూడా చెప్పలేరు! ఆ ఫిల్ము ఇప్పటికీ వుంది, చూసి నవ్వని వస్తాదు లేడు. అయితే చిత్రం వినండి. ఆ పోరు రేపిన ఉత్సాహాన్ని చూసి హాంకాంగ్ పత్రిక ఒకటి మూడు రోజులకే వీరుల కథ సీరియల్‌గా మొదలుపెట్టింది. రాసినాయన లియాంగ్ యూషెంగ్. ఆ ఒరవడిలో నవలలు పుట్టాయి, నవలల్లోంచి సినిమాలు పుట్టాయి. గోదాలో ఎగరని కొంగ కాగితం మీద బ్రహ్మాండంగా ఎగిరింది.

మకావు గురువులు మాత్రం పాపం నిజంగానే కొట్టుకున్నారు. నిజాయితీగా ముక్కు పగలగొట్టుకున్నారు. తాకకుండా పడగొడతామనేవారి సంగతి అలా కాదు. జపానులో యానాగి రియూకెన్ అనే వృద్ధ గురువు, గాలిలోంచే శిష్యుల్ని పడేసేవాడు, రెండు వందల పోటీలు గెలిచానని ప్రకటించుకుని, 2006లో నిజమైన మల్లుడితో తలపడ్డాడు. నిమిషం తిరక్కుండానే నోట్లో నెత్తురు. చైనాలో మా బావోగువో అనే తాయ్‌చీ గురువు 2020 మే నెలలో యాభై ఏళ్ళ ఆసామీ చేతిలో అర నిమిషంలో మూడుసార్లు నేలకరిచాడు. అమెరికాలో ఒక గురువైతే, తన విద్య పరాయివాడి మీద పారకపోయేసరికి, అతని నాలుక నోట్లో సరైన చోట లేదన్నాడు, కాలి బొటనవేళ్ళు కూడా అడ్డం వచ్చాయన్నాడు. నేను పూరీలు పొంగనప్పుడు పిండిని తిట్టినట్టు.

యానాగి గారి వీడియో చూసి మొదట నవ్వాను గానీ, రెండోసారి చూసేసరికి నవ్వు రాలేదు. ఆ ముసలాయన కళ్ళలో మోసం లేదు, ఆశ్చర్యం వుంది. ఇన్నేళ్ళూ అందరూ పడుతున్నారే, ఇతనేమిటి పడటం లేదని. మొదటి శిష్యుడు మర్యాదకి పడి వుంటాడు. రెండోవాడు మొదటివాడు పడ్డాడు కదా అని పడ్డాడు. మూడోవాడు పడకపోతే తనలోనే ఏదో లోపం వుందనుకుంటారని పడ్డాడు. అందరూ పడుతుంటే గురువుగారు నమ్మక ఏం చేస్తారు? మా ఇంట్లో మా అత్తగారి ఆవకాయకి ముప్ఫయ్యేళ్ళుగా జరుగుతున్నది ఇదే. ఉప్పు ఎక్కువైన ఏడు కూడా "అమృతంలా వుందండీ" అంటూనే వున్నాం.

ఈ చిక్కు జపానులో కానో జిగొరో అనే పండితుడికి చాలా ముందే తెలుసు. 1882లో టోక్యోలో ఒక గుడిలో, పన్నెండు చాపలంత జాగాలో జూడో బడి పెట్టాడాయన. కళ్ళు పొడవటం లాంటి ప్రమాదకరమైన పట్లు పక్కనపెట్టి, మిగిలినవాటిని ఎదుటివాడు నిజంగా ఎదిరిస్తుండగా సాధన చెయ్యమన్నాడు. విద్య పారుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ జూడోనే రవీంద్రనాథ్ ఠాకూరు 1929లో తకగాకి అనే గురువుని రప్పించి శాంతినికేతన్‌లో నేర్పించారు, ఆడపిల్లలకి కూడా.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి లండన్ సంగతి ఒకటి. ఓటు హక్కు కోసం పోరాడే స్త్రీలకి ఎడిత్ గారుడ్ అనే ఆవిడ జుజుత్సు నేర్పింది. మనిషి అయిదడుగులు కూడా లేదు. 1909లో ఒక ప్రదర్శనలో పోలీసు జవానుని ఎత్తి పడేస్తుంటే చూసినవాళ్ళు విరగబడి నవ్వారు, 1910లో పంచ్ పత్రిక కార్టూను వేసింది. నవ్వుకున్నారు సరే, నాలుగేళ్ళు తిరక్కుండానే నాయకురాలు పాంక్‌హర్స్ట్‌ని పోలీసుల నుంచి కాపాడటానికి ఆమె శిష్యురాళ్ళ దండు సిద్ధంగా వుంది.

2012 నిర్భయ ఘోరం తర్వాత మన బళ్ళల్లోనూ ఆత్మరక్షణ పాఠాలు పెరిగాయి. సమగ్ర శిక్షా పథకం కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆరు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకి మూడు నెలల శిక్షణ వుంది. మంచి పనే. నేర్పే తీరు మాత్రం ఊరికో రకం. మా ఆడపడుచు కూతురు తొమ్మిదో క్లాసు. సెలవులకి వచ్చి, "అత్తయ్యా, చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవటం నేర్పారు" అని మురిసిపోయింది. ఎలాగే అంటే, మాష్టారు "ఒకటి" అనగానే పక్కపిల్ల పట్టుకోవాలిట, "రెండు" అనగానే ఇది తిప్పాలిట, పక్కపిల్ల వదిలెయ్యాలిట. గాలిలో చెయ్యి ఊపిన గురువుగారు గుర్తొచ్చి నా గుండె గుభేలుమంది. ఫోనులో అయితే నవ్వుకున్నాం. ఇది రేపు సాయంత్రం ట్యూషన్ నుంచి ఒంటరిగా వచ్చే పిల్ల.

మా వాణ్ణి పిలిచి నిజంగా పట్టుకోమన్నాను. వాడు బావ, ఇది మరదలు, చెయ్యి పట్టుకోమనేసరికి ఇద్దరూ సిగ్గుపడి చచ్చారు, పట్టు కుదరలేదు. అప్పుడు మా అత్తగారు "ఇటు రావే" అన్నారు. యాభై ఏళ్ళు నూతిలో చేద తోడిన చెయ్యి అది. పిల్ల గిలగిల్లాడింది గానీ వూడలేదు. "రెండు అన్నాను కదా అమ్మమ్మా" అంటే, "నాకు లెక్కలు రావే" అన్నారావిడ.

మా మరిది కిటుకు చెప్పాడు. ఎంత గట్టి పట్టయినా బొటనవేలు తక్కిన వేళ్ళని కలిసే చోటే సందు, మణికట్టుని అటువేపు తిప్పి ఒంటి బరువుతో లాగాలి, లాగిన చెయ్యి వూడగానే అరుస్తూ పరుగెత్తాలి, నిలబడి సినిమాలోలా పోట్లాడకూడదు అని. మూడు రోజులు సాయంత్రం పూట వసారాలో అమ్మమ్మకీ మనవరాలికీ ఇదే యుద్ధం. నాలుగో రోజు చెయ్యి వూడింది. పిల్ల కేక పెట్టి వీధి గుమ్మం దాకా పరుగెత్తింది, ఎదురింటివాళ్ళు ఏమయిందో అని బయటికొచ్చారు. మా అత్తగారి గాజు ఒకటి చిట్లింది. ఆవిడ మణికట్టు రుద్దుకుంటూ, "రేపు రెండు చేతుల్తో పట్టుకుంటానే" అన్నారు.